రవ్వ ఎక్కడ ఆగింది?

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలు, గోనెపట్టాలు, పెట్టెల మీద పెద్ద అక్షరాలతో రాసిన పేర్లు. సామానుతోపాటు ఇంటి మోటారు సైకిలు కూడా ప్రయాణం కడుతుంది. రైలు పార్సిల్లో వేయాలంటే దాని ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా తీసేయాలి. కొత్త ఊళ్ళో బండిని దించుకుని, పట్టాలు విప్పి, మళ్ళీ పెట్రోలు పోసి కిక్కు కొడతారు. బండి ఉలకదు, పలకదు. తెల్లారితే అమ్మో నాన్నో కొత్త ఆఫీసులో హాజరు వేయించుకోవాలి.

అప్పుడు చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అంటారు. ఒకరు ప్లగ్గు మార్చమంటారు, ఒకరు కాయిల్ మార్చమంటారు, ఇంకొకరు మొత్తం వైరింగే పోయిందంటారు. ఊరు కొత్త, మెకానిక్ కొత్త, భాష కొత్త. జబ్బేమిటో తెలియకుండా మందులు మింగినట్టు ఒక్కొక్క భాగం మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, పని మాత్రం జరగకపోవచ్చు. ముందు అడగవలసిన ప్రశ్న “ఏం మార్చాలి?” అన్నది కాదు. “రవ్వ ఎక్కడ ఆగింది?” అన్నది. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతిని ఈ వ్యాసంలో చూద్దాం.

రవ్వ అంటే ఏ రవ్వ?

మన తెలుగులో ‘రవ్వ’ గమ్మత్తైన మాట. ఉప్మా చేసుకునేదీ రవ్వే. అమ్మమ్మ దుద్దుల్లో మెరిసే వజ్రమూ రవ్వే. మనమున్న సూరత్ ఆ రవ్వలను సానబట్టడంలో ప్రపంచమంతటా పేరు పొందింది. నిప్పు నుంచి ఎగిరే చిన్న తునక కూడా రవ్వే. మన కథ ఈ మూడో రవ్వది. అగ్గిపెట్టె రాని రోజుల్లో చెకుముకి రాయిని ఉక్కు ముక్కతో కొట్టి, ఎగిరిన రవ్వను దూదిలో పట్టి నిప్పు చేసుకునేవారు. మోటారు సైకిలు ఇంజిన్ లోపల జరిగేది కూడా ఇంచుమించు అదే. దూది బదులు పెట్రోలు ఆవిరి, చెకుముకి బదులు స్పార్క్ ప్లగ్గు.

పెట్రోలు ఇంజిన్ నడవడానికి మూడు కావాలి. సరైన పాళ్ళలో కలిసిన పెట్రోలు, గాలి మిశ్రమం ఒకటి. ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే ఒత్తిడి రెండోది. సరైన క్షణంలో సరైన చోట పడే రవ్వ మూడోది. ముక్కాలిపీట లాగా ఇందులో ఏ కాలు విరిగినా బండి పడుకుంటుంది. కాబట్టి బండి స్టార్ట్ కానంత మాత్రాన తప్పు రవ్వదే అనుకోకూడదు. అది నిజంగా రవ్వ తప్పేనా అని తేల్చుకోవడమే మొదటి మెట్టు.

డర్ట్ బైకు దగ్గర పాఠం మొదలు

మట్టిలో, గుట్టల్లో, ఇసుకలో నడపడానికి చేసిన బండి డర్ట్ బైకు. మన దేశపు రైడర్ సి.ఎస్. సంతోష్ 2015లో డాకర్ ర్యాలీని పూర్తి చేసి, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయుడయ్యారు. అలాంటి దారుల్లో బండి ఆగితే పక్కన షాపు ఉండదు. తప్పు ఎక్కడుందో తనకు తాను తెలుసుకోగలిగినవాడే ముందుకు పోతాడు.

పోటీల కోసం చేసిన డర్ట్ బైకులు చాలావాటిలో హెడ్‌లైటు ఉండదు, హారన్ ఉండదు, బ్యాటరీ కూడా ఉండదు. అందుకే రవ్వ నడిచే దారి వాటిలో తేటగా కనిపిస్తుంది. వాటి మీద నేర్చుకున్నది మీ ఇంటి బండికీ పనికొస్తుంది. మన రోడ్ల మీద ఆ జాతికి దగ్గరగా ఉండే బళ్ళు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, హీరో ఎక్స్‌పల్స్ 200 వంటివి.

రవ్వ పుట్టే దారి

కాయిల్ దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టాడు. మీ సైన్సు పుస్తకంలోని విద్యుదయస్కాంత ప్రేరణ అదే. బండి ఇంజిన్ పక్కన తిరిగే ఫ్లైవీల్‌లో అయస్కాంతాలుంటాయి. వాటికి ఆనుకుని కదలకుండా ఉండే తీగచుట్టలను స్టేటర్ అంటారు. కిక్కు కొట్టగానే ఫ్లైవీల్ తిరుగుతుంది, స్టేటర్‌లో విద్యుత్తు పుడుతుంది.

అక్కడి నుంచి ఆ విద్యుత్తు సి.డి.ఐ. అనే చిన్న పెట్టెలోకి వెళ్తుంది. దాని లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే తాపీ నదిని తలుచుకోండి. సూరత్‌కు ఎగువన ఉకాయ్ డ్యాము ఉంది. నది నీళ్ళు అక్కడ నిలుస్తాయి. ఆజ్ఞ రాగానే గేటు ఎత్తుతారు, నిలిచిన నీరు ఒక్కుమ్మడిగా దూకుతుంది. సి.డి.ఐ. పెట్టెలో కెపాసిటర్ జలాశయం లాంటిది. అది రెండు మూడు వందల వోల్టుల దాకా విద్యుత్తును నిలవ చేస్తుంది. ‘ఇప్పుడు గేటు ఎత్తు’ అని ఆజ్ఞ ఇచ్చేది పల్సర్ కాయిల్. ఫ్లైవీల్ మీద ఉన్న చిన్న గుబ్బ తన ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇది సైగ చేస్తుంది. గేటులాగా తెరుచుకునేది ఎస్.సి.ఆర్. అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి.

నిలవ ఉన్న విద్యుత్తంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి దూకుతుంది. ఆ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. మొదటిది కొద్ది చుట్లది, రెండోది వేల చుట్లది. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం గుర్తుంది కదా! మొదటి చుట్టలో వందల వోల్టులు రెండోదాంట్లో పది, ఇరవై వేల వోల్టులవుతాయి. అవి లావుపాటి నల్ల తీగ వెంట, ప్లగ్గు క్యాప్ మీదుగా స్పార్క్ ప్లగ్గు కొనకు చేరతాయి. అక్కడ రెండు లోహపు కొనల మధ్య ఉన్న చిన్న సందును దూకడమే మనం చూసే రవ్వ. ఆ సందు చాలా బళ్ళలో 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన కొలత మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది.

ఈ పని ఎంత వేగంగా జరగాలో లెక్క వేయండి. ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 100 చుట్లు. టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు ప్రతి చుట్టుకూ రవ్వ కావాలి, కాబట్టి సెకనుకు 100 రవ్వలు. ఫోర్-స్ట్రోక్‌కు రెండు చుట్లకు ఒకటి చాలు, అంటే 50. మనం రెప్ప వేసేలోపు ఎన్ని రవ్వలు పడతాయో చూడండి.

అన్ని బళ్ళలోనూ ఇదే ఏర్పాటు ఉండదు. పాత జావా, యెజ్దీ, రాజ్‌దూత్ 175 బళ్ళలో సి.డి.ఐ. బదులు ‘పాయింట్లు’ ఉండేవి. రెండు లోహపు ముక్కలు కలిసి విడిపోతూ రవ్వకు సమయం చెప్పేవి. అవి అరిగినా, మసి పట్టినా రవ్వ తగ్గిపోయేది. తరువాత వచ్చిన బళ్ళలో పాయింట్ల స్థానంలో సి.డి.ఐ. వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 నియమాలు వచ్చాక కొత్త బళ్ళు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో రవ్వ సమయాన్నీ పెట్రోలు కొలతనూ ఒకే కంప్యూటరు నిర్ణయిస్తుంది. దాన్ని ఇ.సి.యు. అంటారు.

ముందు జాగ్రత్త, తరువాతే పరీక్ష

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పెట్రోలు ఆవిరి కంటికి కనిపించదు. రవ్వ పరీక్ష అంటే కావాలని రవ్వ పుట్టించడం. ఈ రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో మీరే ఊహించగలరు. కాబట్టి ఈ నియమాలు తప్పనిసరి:

• పెద్దవాళ్ళు గానీ మెకానిక్ గానీ దగ్గర లేకుండా ఏ పరీక్షా చేయకూడదు. పరీక్ష వాళ్ళు చేస్తారు. మీ పని చూడటం, రాసుకోవడం, ఆలోచించడం.
• గాలి ఆడే చోటే చేయాలి. పెట్రోలు ఒలికి ఉంటే తుడిచి, ఆరిన తరువాతే మొదలుపెట్టాలి.
• వేడి ఇంజిన్ నుంచి ప్లగ్గు తీయకూడదు. చెయ్యి కాలుతుంది, ప్లగ్గు మరలు కూడా పాడవుతాయి.
• కిక్కు కొట్టేటప్పుడు ప్లగ్గునూ తీగనూ ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్నవారు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

బండి బాగుపడింది కదా అని ఎక్కి ఒక చుట్టు కొట్టి రావడానికి మీకు అనుమతి లేదు. గేర్ల బండి నడపడానికి చట్టప్రకారం 18 ఏళ్ళు నిండాలి. 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు.

మొదటి మెట్టు: ఖర్చులేని పరీక్షలు

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చాలాసార్లు కారణం హ్యాండిల్ మీదే ఉంటుంది. అందుకే పానా పట్టుకోకముందే ఇవి చూడాలి.

ఎర్ర రంగు కిల్ స్విచ్చి ‘ఆఫ్’లో ఉందా? పార్సిల్లో సామాను తగిలి అది నొక్కుకుపోవడం మామూలే. సైడ్ స్టాండు వేసి ఉంటే స్టార్ట్ కాని బళ్ళున్నాయి. గేరులో ఉంటే, క్లచ్చి పట్టకపోతే స్టార్ట్ కానివీ ఉన్నాయి. ట్యాంకు కింద పెట్రోలు కాక్ తెరిచి ఉందా? ప్లగ్గు క్యాప్ వదులై పైకి లేచిందా? బ్యాటరీ ఉన్న బండి అయితే తాళం తిప్పగానే లైట్లు నిండుగా వెలుగుతున్నాయా, గుడ్డిగా వెలుగుతున్నాయా? ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళకు కంప్యూటరూ పెట్రోలు పంపూ రెండూ నడవాలి కాబట్టి, బ్యాటరీ నీరసపడితే అవి మొరాయిస్తాయి.

రెండో మెట్టు: ప్లగ్గు చెప్పే సంగతులు

వైద్యుడు ముందు నాలుక చూపించమంటాడు. ఇంజిన్‌కు నాలుక స్పార్క్ ప్లగ్గు. ఇంజిన్ చల్లారాక ప్లగ్గు పానాతో దాన్ని విప్పి, కొన ఎలా ఉందో చూడాలి.

లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే లోపలి మంట బాగుందని అర్థం. నల్లటి పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైంది. ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము నిండినా ఇలాగే అవుతుంది. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. టూ-స్ట్రోక్ బండిలో అయితే పెట్రోలులో ఆయిల్ పాలు ఎక్కువై ఉండవచ్చు. తెల్లగా, పొక్కులు లేచినట్టు ఉంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది. పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు లోపలిదాకా వచ్చింది కానీ అంటుకోలేదు. అప్పుడు అనుమానం రవ్వ మీదికి మళ్ళుతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా ప్లగ్గు పొడిగానే ఉంటే పెట్రోలే రావడం లేదు. అప్పుడు కార్బురేటర్ వైపు చూడాలి.

బదిలీ బళ్ళలో ఈ చివరి రకం తరచు కనిపిస్తుంది. ట్యాంకు ఖాళీ చేసినా కార్బురేటర్ గిన్నెలో కొంచెం పెట్రోలు మిగులుతుంది. వారాల తరబడి అలాగే ఉంటే అది ఆవిరై, అడుగున జిగట మిగిలి సన్నని రంధ్రాలను మూసేస్తుంది. దానికి ప్లగ్గు మార్చి లాభమేముంది?

మూడో మెట్టు: రవ్వ పరీక్ష

కొత్త ప్లగ్గును గానీ, శుభ్రంగా పనిచేస్తుందని తెలిసిన ప్లగ్గును గానీ క్యాప్‌లో పెట్టాలి. దాని లోహపు ఒంటిని ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనించాలి. పెయింటు ఉన్నచోట ఆనిస్తే లాభం లేదు. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఉంచాలి, ఎందుకంటే కిక్కు కొట్టినప్పుడు ఆ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పడం మంచిది. ఇక నీడలో నిలబడి కిక్కు కొట్టాలి.

‘టక్ టక్’మంటూ నీలిరంగు రవ్వ కనిపిస్తే మంచిది. ఎర్రగా, నారింజ రంగులో సన్నగా కనిపిస్తే బలహీనం. ఏమీ కనిపించకపోతే దారిలో ఎక్కడో తెగింది. ఒక హెచ్చరిక. ప్లగ్గును దేనికీ ఆనించకుండా గాలిలో వేలాడదీసి కిక్కు కొట్టకూడదు. వేల వోల్టులకు దారి దొరకకపోతే అవి కాయిల్‌నూ సి.డి.ఐ.నీ పాడుచేయగలవు.

ఇక్కడ తెలివైన పిల్లలకు ఒక సందేహం రావాలి. “బయట రవ్వ వచ్చింది కదా, అయినా బండి ఎందుకు స్టార్ట్ కాలేదు?” మంచి ప్రశ్న. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు సందును దూకడానికి సుమారు 3,000 వోల్టులు సరిపోతాయి. ఇంజిన్ లోపల గాలిని ఎనిమిది, తొమ్మిదో వంతుకు నొక్కుతారు. గాలి అంత చిక్కబడితే అదే సందును దూకడానికి ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టులు కావాలి. ఖాళీ వీధిలో పరుగెత్తినవాడు జాతరలో జనం మధ్య అడుగు వేయలేడు కదా! బలహీనమైన రవ్వ బయట కనిపించి లోపల చచ్చిపోయేది ఇందుకే. మంచి మెకానిక్కులు మామూలు ప్లగ్గుతో సరిపెట్టకుండా, సందు బాగా పెంచగలిగే స్పార్క్ టెస్టర్ వాడతారు. పెద్ద సందును కూడా రవ్వ దూకితే దానికి లోపల దూకే సత్తా ఉన్నట్టే.

నాలుగో మెట్టు: కొన నుంచి మొదటికి

రవ్వ రాకపోతే ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి, అది పుట్టే చోటు దాకా ఒక్కొక్క అడుగే వెనక్కి నడవాలి. పొలానికి నీళ్ళు రాకపోతే రైతు చేసేదీ ఇదే. మడి దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట వెనక్కి వెళ్తూ, గండి ఎక్కడ పడిందో చూసుకుంటాడు.

మొదట ప్లగ్గు క్యాప్. దాన్ని తిప్పి తీగ నుంచి విడదీసి, మల్టీమీటరుతో నిరోధం కొలవాలి. రెసిస్టర్ ఉన్న క్యాప్‌లు చాలావాటిలో అది సుమారు 5,000 ఓములు ఉంటుంది. మీటరు అనంతం చూపిస్తే క్యాప్ లోపల తెగింది. తరువాత లావు తీగ. దాని కొన పచ్చగా కిలుము పట్టి ఉంటే ఆ కాస్త ముక్క కత్తిరించి మళ్ళీ బిగించాలి.

ఆ తరువాత ఇగ్నిషన్ కాయిల్. సి.డి.ఐ. బళ్ళలో దీని మొదటి చుట్ట నిరోధం సాధారణంగా ఒక ఓము అటూ ఇటూ ఉంటుంది. రెండో చుట్టది వేల ఓములలో ఉంటుంది. అసలు ప్రమాణం మాత్రం మీ బండి మాన్యువల్‌లో రాసిన అంకె. ఓములు కొలిచేటప్పుడు ఇంజిన్ ఆపి ఉండాలి, కనెక్టరు విడదీసి ఉండాలి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ప్లగ్గు తీగకు మల్టీమీటరు తగిలించకూడదు. ఆ వేల వోల్టులకు మీటరు తట్టుకోలేదు.

తరువాత కిల్ స్విచ్చి. బ్యాటరీ లేని డర్ట్ బైకుల్లో దీని పని తమాషాగా ఉంటుంది. మన ఇంటి లైటు స్విచ్చి తీగను విడదీసి ఆపుతుంది. ఇది మాత్రం తీగను బండి ఒంటికి కలిపి ఆపుతుంది. అంటే సి.డి.ఐ.కి రావలసిన విద్యుత్తును పక్కదారి పట్టించి ఇంజిన్ లోహంలోకి పంపేస్తుంది. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఒరుసుకుని ఆ తీగ తొడుగు చిరిగితే, స్విచ్చి నొక్కకపోయినా నొక్కినట్టే అవుతుంది. అందుకని ప్లగ్గు బయట ఉన్నప్పుడే కిల్ స్విచ్చి కనెక్టరును విడదీసి మళ్ళీ రవ్వ పరీక్ష చేయాలి. ఇప్పుడు రవ్వ వస్తే దొంగ ఆ స్విచ్చిలోనో ఆ తీగలోనో ఉన్నాడు. పరీక్ష అయ్యాక కనెక్టరును తప్పకుండా కలిపేయాలి. అది లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే, ఆపవలసిన వేళ ఆపడానికి దారి ఉండదు. బ్యాటరీ మీద నడిచే రోడ్డు బళ్ళు చాలావాటిలో కిల్ స్విచ్చి మన ఇంటి స్విచ్చిలాగే తీగను విడదీస్తుంది. కాబట్టి ఈ పరీక్ష వాటికి వర్తించదు. ముందు మీ బండి ఏ రకమో వైరింగ్ బొమ్మలో చూసుకోవాలి.

ఆ పైన పల్సర్ కాయిల్, స్టేటర్. వీటి నిరోధాలను కూడా మాన్యువల్‌తో పోల్చి చూడాలి. ప్రతి కనెక్టరునూ విప్పి తడి, మట్టి, పచ్చటి కిలుము ఉన్నాయేమో చూడాలి. ఇంజిన్‌కూ ఫ్రేముకూ కలిపిన ఎర్త్ తీగ బోల్టు తుప్పు పట్టిందేమో చూడాలి. విద్యుత్తు వెళ్ళడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. తిరిగి వచ్చే దారి ఆ ఎర్త్ తీగే.

అన్నిటికంటే చివర సి.డి.ఐ. పెట్టె. దాన్ని మామూలు మల్టీమీటరుతో నమ్మకంగా పరీక్షించలేం. మిగతావన్నీ బాగున్నాయని తేలాక, అదే మోడల్ బండి నుంచి పనిచేస్తున్న సి.డి.ఐ. తెచ్చి పెట్టి చూడటమే మార్గం. చాలామంది మొదట అనుమానించేదీ దీన్నే. కానీ కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, సి.డి.ఐ. మార్చాక కనెక్టరులో మట్టి బయటపడిన సందర్భాలు ఎన్నో ఉంటాయి.

ఇంటి దొంగ

కొన్ని బళ్ళు పొద్దున చక్కగా స్టార్ట్ అవుతాయి. పావుగంట నడిచాక ఆగిపోతాయి. చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతాయి. మెకానిక్ దగ్గరికి నెట్టుకుని వెళ్ళేలోపు బండి చల్లారిపోతుంది, అక్కడ అంతా బాగానే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు కదా, ఇది అలాంటిది. వేడికి లోహం సాగుతుంది. స్టేటర్‌లోనో కాయిల్‌లోనో సన్నని తీగ ఒకచోట చిట్లి ఉంటే, వేడెక్కినప్పుడు ఆ చిట్లు విడిపోతుంది, చల్లారితే కలిసిపోతుంది. ఇలాంటి బండిని ఆగిన వెంటనే, వేడిగా ఉండగానే పరీక్షించాలి. అప్పుడు ప్లగ్గు విప్పే పని చెయ్యి కాలకుండా పెద్దవాళ్ళే చేయాలి. విడి ప్లగ్గు ఒకటి దగ్గరుంటే బండి ప్లగ్గు విప్పనవసరమే లేదు. క్యాప్ తీసి విడి ప్లగ్గుకు తగిలించి చూస్తే చాలు.

మరో చిక్కు కూడా ఉంది. రవ్వ బలంగా వస్తుంది, పెట్రోలూ వస్తుంది, కానీ బండి స్టార్ట్ కాదు. కిక్కు ఎదురు తంతుంది, లేదా సైలెన్సర్‌లో పేలుతుంది. ఫ్లైవీల్‌ను ఇరుసుకు సరైన స్థానంలో నిలిపే చిన్న లోహపు చీలను ‘కీ’ అంటారు. అది విరిగితే ఫ్లైవీల్ కాస్త జరిగిపోతుంది, పల్సర్ సైగ తప్పు వేళకు వస్తుంది. గడియారంలో గంట సరిగ్గానే కొడుతుంది, కానీ కొట్టే వేళ తప్పు. రవ్వ ఉంటే చాలదు, వేళకు ఉండాలి.

సూరత్ వానలూ మన బండీ

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాము నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలవలసి వచ్చింది. తాపీ పొంగి సూరత్ నగరంలో చాలా భాగం మునిగిపోయింది. అంత వరద రాకపోయినా, ఇక్కడ ‘ఖాడీలు’ అనే వాగులు గట్టివానకు పొంగి పల్లపు వీధులను ముంచడం మనం చూస్తూనే ఉన్నాం. ఖటోదరా పారిశ్రామికవాడ రోడ్ల మీద మోకాటి లోతు నీళ్ళలో బండి నెట్టుకుంటూ వెళ్ళే మనుషులు వానాకాలంలో కనిపిస్తారు.

వానలో ఆగిన బండి వేరు, నీళ్ళలో మునిగిన బండి వేరు. వానలో ఆగినదానికి సాధారణంగా ప్లగ్గు క్యాప్‌లోనో కనెక్టరులోనో తడి చేరి ఉంటుంది. వేల వోల్టులకు తడి సులువైన దారి. అవి ప్లగ్గు కొనదాకా పోకుండా మధ్యలోనే ఇంజిన్ ఒంటి మీదికి జారిపోతాయి. పొడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలావరకు సరిపోతుంది. చీకట్లో చూస్తే తీగ మీద చిట్లు ఉన్నచోట చిన్న నీలి మెరుపులు కూడా కనిపిస్తాయి. చూడటానికి మాత్రమే, తాకడానికి కాదు!

నీళ్ళలో మునిగిన బండికి మాత్రం కిక్కు కొట్టకూడదు, సెల్ఫ్ బటన్ నొక్కకూడదు. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే, గాలిలా నీరు నలగదు కాబట్టి లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు తీయాలి, నీళ్ళు బయటికి పోనివ్వాలి, ఆయిల్ మార్చాలి, పెట్రోలు మార్చాలి, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఆ తరువాతే రవ్వ మాట. ఆత్రపడి కొట్టిన ఒక్క కిక్కు వందల్లో పోయే ఖర్చును వేలల్లోకి తీసుకుపోతుంది.

ఒక జబ్బు, అనేక భాషలు

మీరు ఊరు మారినప్పుడల్లా మెకానిక్ మాట మారుతుంది. మన ఊళ్ళలో “ప్లగ్గుకు కరెంటు రావట్లేదు” అంటారు. హిందీలో “ప్లగ్ మే కరెంట్ నహీ ఆ రహా” అంటారు. ఇక్కడ సూరత్‌లో “కరంట్ నథీ ఆవతో” అని వినిపిస్తుంది. మాటలు మూడు, సంగతి ఒకటే. ఈ నగరంలో మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో తెలుగు మాధ్యమం ప్రాథమిక పాఠశాలలు కూడా నడుస్తున్నాయి. కాబట్టి ఉధ్నా, లింబాయత్ వైపు షాపుల్లో మీకు తెలుగులోనే జవాబు వచ్చినా ఆశ్చర్యపడకండి.

ఏ భాషలో అడిగినా, “బండి స్టార్ట్ కావట్లేదు, చూడండి” అనడానికీ, “ప్లగ్గు తడిగా ఉంది, కొత్త ప్లగ్గు పెట్టినా రవ్వ రాలేదు, క్యాప్ మార్చి చూశాం, కిల్ స్విచ్చి విడదీసి చూశాం” అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి మాట విన్న మెకానిక్ మొదటి నుంచి వెతకాలి. రెండో మాట విన్నవాడు నేరుగా కాయిల్ దగ్గరికి వెళ్తాడు. మీ సమయమూ ఆయన సమయమూ మిగులుతాయి, అనవసరంగా భాగాలు మార్చే పని తప్పుతుంది.

అందుకని ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని మొదటి పుటలో ఇంటి బండి మోడల్, ప్లగ్గు నంబరు, ప్లగ్గు సందు, కాయిల్ నిరోధాలు మాన్యువల్ చూసి రాసి పెట్టండి. తరువాతి పుటల్లో బండికి చేసిన ప్రతి పనీ తేదీతో సహా రాయండి. ఏం చూశాం, ఏం కనిపించింది, ఏం మార్చాం అన్న మూడు గళ్ళు చాలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చగానే పరీక్షించాలి. రెండు కలిపి మారిస్తే జబ్బు దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. సైన్సు ప్రయోగశాలలో మీ టీచర్లు చెప్పే నియమమూ ఇదే.

మళ్ళీ బదిలీ వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని పెట్టెల అడుగున పడేయకండి. బండి తాళంచెవితోపాటు చేతిసంచిలో పెట్టుకోండి.